ఆంజప్ప టిప్పరు కార్డు

కెలమంగలం నుంచి హోసూరుకు ఫ్యాక్టరీ బస్సులో నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల కోసమే ఆంజప్ప పనికి పోతున్నాడని అతని భార్య మారక్క అనేది. అందులో అబద్ధం లేదు. పదకొండేళ్లుగా అతను బోల్టుల కొలతలు చూస్తున్నాడు. కొలత కుదిరితే పెట్టెలోకి, కుదరకపోతే పక్కకు. రోజంతా మాట అక్కర్లేని పని. ఉన్న మాటంతా బస్సు వెనక సీటులో, కుమారేశన్‌తో, ధనశేఖర్‌తో.

1999లో ఆ ముగ్గురికీ కార్డుల పిచ్చి పట్టింది. బబుల్‌గమ్ పొట్లంలో ఒక్కో బండి బొమ్మ వచ్చేది. బొమ్మ కింద దాని బరువు, వేగం అచ్చువేసి ఉండేవి. గమ్ పిల్లలకు, కార్డు తండ్రులకు. ఆట సులువు. ఎవరి కట్ట పైకార్డు వాళ్లు బోర్లా పెట్టాలి. కిందటిసారి గెలిచినవాడు "బరువు" అనో "వేగం" అనో పలుకుతాడు. ఆ అంకె పెద్దదైనవాడికి మూడు కార్డులూ. ఓడిన కార్డులు గెలిచినవాడి కట్ట అడుగుకు, గెలిచిన కార్డు మళ్లీ కట్ట మీదికి.

ఆషాఢంలో ఆంజప్పకు గని టిప్పరు దొరికింది. మనిషిని మించిన చక్రాలు. దాని ముందు లారీలూ బస్సులూ దూదిపింజలు. ఒకసారి గెలిచాడు. టిప్పరు కట్ట మీదికే వచ్చింది. మళ్లీ "బరువు" అన్నాడు. మళ్లీ, మళ్లీ. మూడో రోజు హోసూరు చేరేసరికి కార్డులున్నవాడు అతనొక్కడే.

"ఇంక ఆడేకి ఏముందప్పా?" అన్నాడు కుమారేశన్. "నీతో నువ్వే ఆడుకో. ఆడగూడ నువ్వే గెలుస్తావు."

ధనశేఖర్ నవ్వలేదు. "మా పాపకు ఇష్టమైన ట్రాక్టరు కార్డు గూడ పోయింది," అని కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు వెనక సీటులో ఆంజప్ప చోట టిఫిన్ క్యారియర్ ఉంది. తీయమని అతను అడగలేదు. ముందుకు పోయి డ్రైవరు వెనక కూర్చున్నాడు. వెనక కుమారేశన్ ఏదో అన్నాడు, ధనశేఖర్ నవ్వాడు. అది తన గురించో కాదో తెలియలేదు. తెలియకపోవడమే కష్టంగా ఉంది.

నాలుగు రోజులు అలా పోయాక కార్డులన్నీ తెచ్చి కుమారేశన్ ఒడిలో పోశాడు. "టిప్పరు నేను వాడను. ఒట్టు."

"భిక్షం యేస్తా ఉండావా?" కుమారేశన్ వాటిని తిరిగి అతని సంచిలో వేశాడు. "నువ్వు వాడకుంటే ఇంకొకడు వాడతాడు. ఆటే చెడిపోయింది, పో."

ఆ సాయంత్రం పట్టుపురుగుల కొట్టంలో మారక్కకు సాయం పట్టాడు. పురుగులకు మల్బరీ ఆకు వేశాక ఆమె స్టాండులో అన్నిటికంటే పైనున్న తట్టను దించి అట్టడుగున పెట్టింది. తక్కినవి ఒక్కో మెట్టు పైకి జరిపింది. రోజూ చేసేదే.

"ఏమయ్యా, తట్ట పట్టుకొని అట్ల నిలబడినావు? నిద్రపోతా ఉండావా?"

"పైది కిందికి ఎందుకు పెడతావు?"

"ఇన్నేండ్లకు అడిగినావు! పైన వెచ్చగా ఉంటాది. అదే తట్ట పైనే ఉంటే ఆ పురుగులు ఒకటే పెరుగుతాయి, కిందివి పెరగవు. అన్నిటికీ వంతు రావల్ల గదా."

పొద్దున బస్సెక్కి నేరుగా వెనక్కి పోయాడు. "గెలిచిన కార్డు గూడ అడుగుకే పోవల్ల. నాదొకటే గాదు, అందరిదీ. పురుగుల తట్టల మాదిరి."

ఆ ఇద్దరి ఇళ్లలోనూ పట్టుపురుగులున్నాయి. విడమరిచి చెప్పే పని పడలేదు.

"ఇది నీ తలకాయలోది గాదు," అన్నాడు కుమారేశన్.

"మా ఇంటామెది."

"అనుకొన్నా." కుమారేశన్ క్యారియర్ తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

కార్డులన్నీ కలిపి సమంగా పంచుకున్నారు. టిప్పరు మాత్రం మొదట దొరికిన ఆంజప్పదేనని ధనశేఖరే అన్నాడు. గమ్ పొట్లాలు అంగళ్లలోకి రావడం మానేశాక కూడా ఆ నియమం ఆ బస్సులో ఆరేళ్లు నడిచింది.

నియమం పెట్టిన మొదటి వారంలోనే ఒక పొద్దున పలికే వంతు ధనశేఖర్‌ది. ఆంజప్ప కట్టలో టిప్పరు పైకొచ్చే సమయాన్ని వేళ్ల మీద లెక్కపెట్టి, "వేగం," అన్నాడు మెల్లగా. ముగ్గురూ తిప్పారు. కుమారేశన్‌ది రోడ్డు రోలరు. ధనశేఖర్‌ది మోపెడ్. అది ఆంజప్ప టిప్పరు కంటే గంటకు ఐదు కిలోమీటర్లు ఎక్కువ పోతుంది.

"మోపెడ్ గుద్ది టిప్పరు పోయిందిరా!" కుమారేశన్ సీటు బాదాడు.

ఆంజప్ప టిప్పరును ధనశేఖర్ చేతిలో పెట్టాడు. గుండెలో ఏదో కలుక్కుమంటుందనుకున్నాడు. ఏమీ లేదు. ఊపిరి నిండుగా వచ్చింది. నవ్వు మొదలై ఆగలేదు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"ఇంకొక ఆట," అన్నాడు ఆంజప్ప, కళ్లు తుడుచుకుంటూ.

"కంపెనీ గేటు వచ్చింది, దిగప్పా," అని కుమారేశన్ అతని భుజం పట్టి లేపాడు.