ఇంటికో బిందె నీళ్ళు

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి, అయ్యగారు ఆశీర్వాదం పలికి, జనం ఇంకా గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ ఉండగానే, టైల్స్ పరిచే మనుషులిద్దరు మా మందిరంలోకి వచ్చి, కొలత టేపు పట్టుకొని వంగి, హాలు నడిమధ్య ఉన్న చెక్కల చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. ఆ చెక్కల మీద చాప వేసుకొని కూర్చున్న నన్ను కూడా గీత లోపలే ఉంచి గీశారు. నేను లేవలేదు. ఆ చెక్కల కింద ఏముందో వాళ్ళకు తెలియదు, కాబట్టి వాళ్ళ మీద నాకు కోపం లేదు. తెలిసి పంపించిన వాళ్ళ మీదనే నా కోపమంతా.

చెక్కల కింద తొట్టి ఉంది. మాది బాప్టిస్టు సంఘం. పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టే ఆచారం మాకు లేదు. బుద్ధి తెలిసి, నోటితో ఒప్పుకున్న మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపితేనే మాకు బాప్తిస్మం. అందుకే మందిరం ఉన్న ఈ ఒర్లియంపేటలో తమిళం వాళ్ళు దానికి ముళుక్కు కోయిల్ అని పేరు పెట్టారు, ముంచే గుడి అని. ఎగతాళికి పెట్టిన పేరే అయినా, ఆటో వాడికి ఈనాటికీ ఆ పేరు చెబితేనే దారి తెలుస్తుంది. ఇప్పుడు ఆ తొట్టిని మట్టితో పూడ్చి, పైన అద్దంలాంటి టైల్స్ పరచి, ఏసీ పెట్టిస్తారట. కమిటీలో తీర్మానం కూడా అయిపోయిందట. ఆ కమిటీకి కార్యదర్శి ఎవరో కాదు, నేను ఎత్తుకొని తిప్పిన మా తమ్ముడి కొడుకు.

"కుర్చీ కాళ్ళు చెక్క సందులో ఇరుక్కుంటా ఉండాయి పెదనాయనా. పోయిన వారం ఒకాయమ్మ ఎల్లకిలా పడిపాయ. ఇంగ ఆ తొట్టి ఎవురికి చెప్పు?" అన్నాడు వాడు.

ఎవరికీ వద్దు, నిజమే. ఈ మధ్య మా వాళ్ళు బాప్తిస్మాలకు సముద్రపొడ్డున ఒక రిసార్టులో ఈతకొలను మాట్లాడుకుంటున్నారు. తెల్లగౌన్లు, ఫోటోలు తీసేవాళ్ళు, మునిగి లేచిన వాళ్ళకు హోటలు తువ్వాళ్ళు. పైన డ్రోను గుయ్యిమని దిగుతుంటే, బైబిల్లో పావురం దిగివచ్చినట్టే ఉందని ఒకాయన పరవశించిపోయాడు. పావురానికి బ్యాటరీ ఎంతసేపు వస్తుందని నేను అడిగాను. అప్పటినుంచి నన్ను అక్కడికి పిలవడం మానేశారు.

నా వయసు వాళ్ళు, ముఖ్యంగా ఈ ఊళ్ళో ఇంట తెలుగూ వీధిన తమిళమూ మాట్లాడి పెరిగినవాళ్ళు, ఇది చదువుతారనే ఆశతో రాస్తున్నాను. నేను బడికి పోయింది బహు తక్కువ. మా వాళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో, తెలుగు చదివే ఇళ్ళు ఏవో కొన్ని. నెల్లూరు నుంచి వచ్చే పొట్లాల కాగితాలూ, అయ్యగారి పాత బైబిలూ నాకు బళ్ళు. కాబట్టి నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. చెప్పే సంగతిలో మాత్రం తప్పు లేదు.

మా తాతల తరం వాళ్ళు నెల్లూరు పక్క పల్లెల నుంచి మిల్లు పనికీ, వీధులు ఊడ్చే పనికీ ఇక్కడికి వచ్చారు. నా చిన్నప్పుడు మందిరం అంటే మా అమ్మ ఇంటి వసారా. ఎండ వస్తే అవతలి గోడ నీడకు జరిగి, వాన వస్తే పాట ఆపి చాపలు చుట్టేవాళ్ళం. సొంత పాస్టరు లేడు. నెల్లూరు వైపు నుంచి ఒక అయ్యగారు ఎప్పుడో ఒకసారి విళుపురం దాకా రైల్లో వచ్చి, అక్కడ బస్సెక్కి దిగేవారు. పెళ్ళిళ్ళూ, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనమూ, బాప్తిస్మాలూ అన్నీ ఆయన వచ్చినప్పుడే. బాప్తిస్మాలకు తొట్టి లేదు కాబట్టి అందరం పాటలు పాడుకుంటూ సముద్రానికి నడిచేవాళ్ళం.

నేను మిల్లులో, రానివాళ్ళ బదులు పనిచేసే బదిలీ కూలీగా చేరిన కొత్తలో మా మేనత్తకు బాప్తిస్మం జరిగింది. మేనత్త అంటే మా నాయనకు అక్క, అదే మిల్లులో నూలు చుట్టే పని. నిండు విగ్రహం. అయ్యగారేమో చీపురుపుల్లంత మనిషి. ఆ రోజు సముద్రం మంచి మాట మీద లేదు. పడవల దగ్గర వలలు బాగుచేసుకుంటున్న మనుషులు వద్దని చేతులు ఊపుతూనే ఉన్నారు. అయ్యగారు మరుసటి రోజే తిరిగి పోవాలి, అందువల్ల దిగారు. తండ్రి పేరు చెప్పారు, కుమారుడి పేరు చెప్పారు, మూడో పేరు చెప్పబోయేలోగా ఒక అల తాటిచెట్టులా లేచి ఇద్దరినీ కలిపి కొట్టింది. చూస్తే, నురగలోంచి మా మేనత్త ఒంటి చేత్తో అయ్యగారి పంచె పట్టుకొని గట్టుకు లాక్కొస్తోంది. ఇచ్చేవాణ్ణి పుచ్చుకునే ఆమె బయటికి తీసిన బాప్తిస్మం అదొక్కటే అయి ఉంటుంది. చేపలకు పోయి పాస్టరును పట్టుకొచ్చారని ఆ పడవల వాళ్ళు చాలా కాలం నవ్వారు.

మాకు నవ్వు రాలేదు, ఎందుకంటే సంఘ పెద్దలకు సందేహం వచ్చింది. మూడో పేరు నీళ్ళపైన వినబడలేదు, అయ్యగారి చేతులతో మునగలేదు, కాబట్టి ఈ బాప్తిస్మం చెల్లదన్నారు. మళ్ళీ మునిగేదాకా ఆమెకు ప్రభు భోజనంలో భాగం లేదన్నారు. రొట్టె పళ్ళెం వరుసలో వస్తూ వస్తూ మా మేనత్త దగ్గర ఆమె ఒడిని దాటి పక్కామె చేతికి పోయేది. అది చూడడం ఎంత కష్టమో చూసినవాళ్ళకు తెలుసు. ఊరంతా మమ్మల్ని పక్కన పెట్టింది చాలక, మా లోపల మేమే ఒకరిని పక్కన పెట్టుకున్నాం.

మా మేనత్త ఏడ్చే మనిషి కాదు. "నన్ను ముంచింది సముద్రం. సముద్రాన్ని చేసినోడు ఎవురు? ఆయన పనికి మీ మాట ఒకటి తక్కువైందా?" అని పెద్దల్ని నిలబెట్టి అడిగింది. వాళ్ళు వినలేదు. "సరే, మళ్ళా మునుగుతా. అలకి గాదు, మనిషికి. మన జాగాలో తొట్టి కట్టండ, ఆ దినం మునుగుతా" అంది. ముందు మందిరం లేవాలి, తొట్టి తర్వాత చూద్దామన్నారు పెద్దలు. "గోడల్లేకుంటే వానకి తడుస్తాం. తొట్టి లేకుంటే ఎప్పుటికీ తడవం. మనం ముంచేవాళ్ళమా, కూచునేవాళ్ళమా?" అంది.

అప్పటికి మాకు ఒక జాగా అయితే ఉంది. మురుగుకాలువ పక్కన పల్లపు తావు, ఏమీ పండదని ఒక తెలుగు ఆసామి వదిలేసినది. మిల్లు నుంచి వచ్చి, అన్నం తిని, మా మేనత్త గడపార తీసుకొని అక్కడికి పోయింది. వెనకాల నేను, నా వెనకాల మా అమ్మ, తర్వాత నూలు చుట్టే ఆడవాళ్ళందరూ. మట్టి ఎక్కడ మెత్తగా ఉందో అక్కడ తవ్వాం. జాగాకు సరిగ్గా నడిమధ్య. ప్లాను తెలియదు, చెప్పేవాడు లేడు. ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, మెట్లు కట్టిన తర్వాత వచ్చిన మేస్త్రీ నడుము మీద చేతులు పెట్టుకొని చూసి, "ఏంది సామీ, ఇల్లు కట్టకముందే నడింట్లో బాయి తవ్వుకుంటిరే" అన్నాడు. తొట్టిని జరపడం కుదరదు కాబట్టి గోడల్నే దాని చుట్టూ కట్టాం. అందుకే మా మందిరంలో జనం నాలుగు పక్కలా కూర్చుంటారు. వచ్చిన పెద్ద పాస్టర్లందరూ ఇదేం కట్టడమని మొహం చిట్లించినవారే. పొరపాటే, కాదనను. కానీ మునిగి లేచే మనిషి ముఖం మా సంఘంలో అందరికీ కనబడుతుంది. ఇంకే మందిరంలోనూ నేను అది చూడలేదు.

ఇక నీళ్ళు. జాగాకు కొళాయి లేదు, వీధి కొళాయి ఒక్కటే. అక్కడ మా ఆడవాళ్ళ వంతు అందరి తర్వాత. ఎదురింటి ఆయమ్మ ఒకామె, మా వాళ్ళు పట్టుకున్నాక కొళాయి మూతిని చింతపండుతో తోమి గానీ తన బిందె పెట్టేది కాదు. ఒక్క ఇంటి వాళ్ళే తొట్టినంతా నింపాలంటే అయ్యే పని కాదు. మా మేనత్త ఒక పద్ధతి పెట్టింది. బాప్తిస్మానికి ముందురోజు సాయంత్రం ఇంటికో బిందె. ఎవరి బిందె వాళ్ళే మోసుకొచ్చి, ఎవరి చేత్తో వాళ్ళే పోయాలి. పక్కింటి వాళ్ళు తెస్తామంటే ఏ మతమని అడగకూడదు, వద్దనకూడదు. సంఘంలో ఒకరితో ఒకరికి మాటలు లేని ఇళ్ళవాళ్ళు కూడా పోసి తీరాలి. పోసిన తర్వాత ఏ నీళ్ళు ఎవరివో దేవుడు కూడా వేరుచేయలేడని ఆమె అనేది.

ఆ మొదటి సాయంత్రం మా బిందెల వరుస సాగుతుండగా ఎదురింటి ఆయమ్మ తన గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. కొంతసేపటికి లోపలికి పోయి, ఇత్తడి బిందె చంకనెత్తుకొని, వీధి దాటి, మా ఆడవాళ్ళ వెనకాల వచ్చి నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు వంగి పోసింది. తొట్టిలోకి చూసి, "తన్ని పత్తాదు" అంది. నీళ్ళు చాలవు అని. పోయి ఇంకో బిందె తెచ్చింది. ఎందుకు తెచ్చిందో ఎవరమూ అడగలేదు. కొన్ని పనులకు కారణం అడిగితే అవి చిన్నవైపోతాయి. మర్నాటి నుంచి కొళాయి మూతి తోమడం మాత్రం ఆగింది.

మర్నాడు అందరికంటే ముందు దిగింది మా మేనత్తే. ఇంకా పైకప్పు లేదు, గోడలు నడుము ఎత్తున ఉన్నాయి, వీధి వీధంతా గోడల మీద చేరి చూస్తోంది. అయ్యగారు ఈసారి మూడు పేర్లూ వీధి చివరికి వినబడేలా చెప్పి ముంచారు. ఆమె లేచి, ముఖం మీద నీళ్ళు తుడుచుకొని, "ఇప్పుడన్నా మాట ముగించినావా అయ్యా?" అంది. అయ్యగారు నవ్వాపుకోలేక ఆ నీళ్ళలోనే మెట్టు మీద కూర్చుండిపోయారు. తర్వాత రొట్టె పళ్ళెం వచ్చింది. ఆమె తన ముక్క తీసుకొని, పెద్దల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నింపాదిగా నమిలింది.

ఇదీ మా సంఘం చరిత్ర. మొన్న మా తమ్ముడి కొడుకు పుల్పిటు మీద నిలబడి చదివిన చరిత్ర వేరు. అందులో శంకుస్థాపన ఉంది, రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి ఉన్నాడు, ఫ్యాన్లు ఇచ్చిన దాతలున్నారు. తొట్టి లేదు, గడపార లేదు, మా మేనత్త లేదు. రాతలో నుంచి తీసేశారు, ఇక నేలలో నుంచి తీసేస్తే పని పూర్తవుతుంది.

నేను ఇప్పుడు సారం అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. సోమవారం పొద్దున అటక మీది బిందె దింపించి, సగానికి నీళ్ళు పట్టుకొని, ఒడిలో పెట్టుకొని ఆటో ఎక్కాను. నిండు బిందె మోసే చేతులు కావు ఇవి. "ఏంది తాతా, కోయిల్లో నీళ్ళు రాలేదా?" అన్నాడు ఆటో అబ్బాయి. వస్తాయి నాయనా, మోటారు వేస్తే వస్తాయి, ఇవి వేరే నీళ్ళు అన్నాను. మందిరం కాపలాదారు చేత చెక్కలు తీయించి పోశాను. అడుగున చేపపిల్ల ఈదేంత కూడా కాలేదు. మర్నాడూ పోశాను, ఆ మర్నాడూ పోశాను. టైల్స్ వాళ్ళు వచ్చి, తడి తొట్టిలో మట్టి ఎలా కొట్టేదని పోయారు.

మా వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పెదనాయనా, మోటారు పెట్టి తోడితే ఒక గడియ పని ఇది. నా పరువు తీస్తా ఉండావు."

"తోడుకోరా. యాడ పారబోస్తావో అది గూడా చెప్పు. ఎవురింటి నీళ్ళని పారబోస్తా ఉండావో వాళ్ళని అడిగి తోడు" అన్నాను.

"నీ ఒక్కడి నీళ్ళే గదా ఉండేది."

ఆ మాట నన్ను తాకింది, అబద్ధం చెప్పను. నిజమే, నా ఒక్కడివే. కమిటీ తీర్మానం అయినా సరే, తొట్టి ఉండాలా పోవాలా అన్నది రేపటి ఆదివారం సంఘం ముందు ఓటుకు పెడతామని చెప్పి వాడు వెళ్ళిపోయాడు.

ఈ పొద్దున మళ్ళీ పోయాను. చెక్కలు తీసి చూస్తే, నేను పోసిన వాటికంటే నీళ్ళు చాలా పైకి ఉన్నాయి, కింది నుంచి మొదటి మెట్టు మునిగి ఉంది. వాటి మీద ఒక నీలం మూత తేలుతోంది. కొని తెచ్చుకునే తాగునీళ్ళ క్యాను మూత. అంటే ఎవరో తమ ఇంటి క్యాన్లు మోసుకొచ్చి ఇందులో ఒంపి పోయారు. కొన్న నీళ్ళా అని మొదట చిరాకు కలిగింది. తర్వాత మెట్టు మీద కూర్చొని ఆలోచించాను. మిల్లు పోయింది, అక్కడ గడ్డి మొలిచింది. వీధి కొళాయి పోయింది, దానితోపాటు వంతులూ తగవులూ పోయాయి, ఒకరి నీళ్ళు ఒకరు చూసే అవసరమూ పోయింది. బిందెలు అటకెక్కాయి. ఇప్పుడు ఇంట్లో ఉండే నీళ్ళు అవే, పాపం. ఉన్నవే తెచ్చి పోశారు.

ఎవరు పోశారని కాపలాదారు చెప్పబోయాడు. వద్దన్నాను. ఆ మూత మాత్రం తీసి జేబులో వేసుకున్నాను. చెక్కలు మూయించలేదు. రేపు సంఘం కూర్చున్నప్పుడు నడిమధ్య నీళ్ళు కనబడాలి. నాలుగు పక్కలా కూర్చున్నవాళ్ళు అందులో ఒకరి ముఖం ఒకరు చూసుకొని, ఆ తర్వాత చేతులు ఎత్తాలి.