రాముడు రైలెక్కేలోగా

మా మనవరాలు రూబీ భావనపాడులో బట్టలు కుడుతుంది. దాని గొంతు ఎంత చిన్నదంటే, "ఇష్" అని కోడిని తోలితే ఆ కోడి దగ్గరికొచ్చి, ఏమన్నావని చెవి ఒగ్గేది. కోడి కూరైపోయింది కాబట్టి ఇక నా మాటే ఆధారం.

అలాంటి పిల్ల చర్చిలో సాక్ష్యం చెబుతానంది. సాక్ష్యమంటే జరిగిన మేలు సంఘం ముందు చెప్పుకోవడం. తిత్లీ తుఫాను మర్నాడు దానికి నొప్పులొచ్చాయి. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి దారి మూసుకుపోయింది. పక్క వీధిలో ఉండే చేపల రాముడు మరో ముగ్గురిని పోగేసి, దాన్ని మంచంతో సహా నౌపడ ఆసుపత్రి దాకా మోశాడు. తల్లీ బిడ్డా దక్కారు. రాముడి పడవ మాత్రం తుఫానుకు ముక్కలైంది. గుజరాత్ బోట్లలో కూలికి పోతున్నాడు, ఆ ఆదివారమే రైలు. ఇంటికెళ్ళి దండం పెట్టబోతే "ఊరుకోయమ్మా" అని తప్పించుకునేవాడు. అందుకే, వెళ్ళేలోగా నలుగురిలో చెప్పి తీరాలని రూబీ పట్టుదల.

కాన్వెంటులో ఉపన్యాసాలు నేర్చిన తాతను నేనుండగా భయమెందుకు? ఒక ప్రసంగం రాసి బట్టీ పట్టించాను. "మర్చిపోతే కంగారు పడకు. 'దేవునికి స్తోత్రం' అను. సంఘమంతా బదులు చెప్పేలోగా గుర్తొస్తుంది" అన్నాను.

రూబీ బిడ్డనెత్తుకుని నిలబడింది. "దేవునికి స్తోత్రం" అంది. "స్తోత్రం" అన్నారందరూ. ఏమీ గుర్తు రాలేదు. మళ్ళీ అంది. వాళ్ళూ మళ్ళీ అన్నారు. అలా సాగేసరికి దేవుడి ఆత్మ కదిలి ఉజ్జీవం దిగిందనుకుని పాస్టరు గారు మోకరించారు. గోడ మీది బల్లులు కూడా తలలూపాయి.

నేను పిలిస్తే వచ్చి, వెనక బల్ల మీద నా పక్కన సంచితో కూర్చున్న రాముడు నా వైపు వంగాడు. "తాతా, ఏటి సెప్తన్నాదీ పిల్ల?"

"ఇంకా ఏటీ సెప్పనేదురా."

"అయితే నానెల్తాను. రైలెల్లిపోద్ది."

అతను గుమ్మం చేరేసరికి రూబీ గొంతు మైకు అక్కర్లేకుండా వినిపించింది.

"రాముడు మావా, ఆగు. దించీమని ఎంత ఏడ్సినా మంచం దించనేదు నువ్వు. నీ బుజం కమిలిపోనాది, నాను సూసినాను. దేవుడికైతే రోజూ సెప్పుకుంటన్నాను. నీకు సెప్పడానికి ఇయ్యాలే ఉన్నాది. నా పిల్ల బతికున్నాదంటే నీ వల్లే."

ఇందులో నేను రాసిచ్చిన మాట ఒక్కటీ లేదు. ఉంటే పాడయ్యేది.

రాముడు సంచి కింద పెట్టాడు. "ఆ మంచం మా అత్తదమ్మా. ఇరిగితే నన్ను సంపేస్తాది. అందుకే దించనేదు" అన్నాడు. చర్చంతా నవ్వింది. అతను మాత్రం వెనక్కొచ్చి, "ఏదీ, ఓపాలి ఇలాగియ్యి" అని బిడ్డనెత్తుకున్నాడు.

పాస్టరు గారు తన ప్రసంగం వాయిదా వేసుకుంటే, ఆయనతో సహా అందరం ఆటో దాకా వెళ్ళాం. బిడ్డను తిరిగిచ్చేసరికి రాముడి చొక్కా ముందంతా తడిసి ఉంది. అది పిల్ల పనో, అతని కళ్ళ పనో నేను అడగలేదు.