తెలుగులోనే నేర్పమన్నారు

“మీ భాషలోనే నేర్పెయ్, త్వరగా అయిపోతుంది,” అన్నాడు మా మేనేజర్, ఏదో వరం ఇస్తున్నట్టు నవ్వుతూ. మెల్‌బోర్న్‌లో ఇళ్ల బీమా క్లెయిములు చూసే మా విభాగాన్ని హైదరాబాద్‌కు తరలిస్తున్నారు. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయికి పనంతా నేను వీడియో కాల్‌లో నేర్పాలి. నేర్పడం పూర్తయితే నా ఉద్యోగం పూర్తయినట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. నా గొయ్యి నన్నే తవ్వుకోమని, పైగా తెలుగులో తవ్వుకోమని చెప్పడానికి ఎంత ధైర్యం! పైకి మాత్రం “ష్యూర్, నో వర్రీస్” అన్నాను. అనక ఏం చేస్తాను? ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి మా ఇంటిల్లిపాదికీ పెట్టిన పీఆర్ దరఖాస్తు ఆ కంపెనీ స్పాన్సర్‌షిప్ మీదే ఉంది. అది మంజూరయ్యేలోపు ఉద్యోగం ఊడి, ఇంకో స్పాన్సర్ దొరక్కపోతే, మా ఆయన్నీ కూతుర్నీ తీసుకుని దేశం వదలాల్సిందే. ఇప్పుడున్న మార్కెట్‌లో ఎవడు దొరుకుతాడు? కూతురు ట్వెల్త్‌లో ఉంది. తెలుగు అర్థమవుతుంది గానీ రాయడం చదవడం రాదు. “ఇండియా వెళ్లాల్సొస్తే ఏం చేస్తావే?” అని అడిగితే, “డోంట్ ఈవెన్ జోక్, అమ్మా” అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అందుకని పీఆర్ వచ్చేదాకా పాఠం సాగదీద్దామనుకున్నాను. కానీ ఆ అమ్మాయి నా ప్రాణానికి దొరికింది! కరీంనగర్ వైపు పిల్ల. స్క్రీన్ మీద ఒక క్లెయిమ్ తెరిచి సగం చెప్పానో లేదో, “సమజైందక్కా. కప్పు పాడైతే బిల్డర్‌ని పంపాలె, లోపలి సామాను పాడైతే వేరే టీమ్‌కి ఇయ్యాలె, గంతే గదా?” అనేది. వారాల తరబడి లాగుదామనుకున్నది ఒక్క మధ్యాహ్నంలో మింగేసింది. ఇదెక్కడి పిల్లరా నాయనా అని తల పట్టుకున్నాను.

ఒకరోజు ఇక ఉండబట్టలేక చెప్పేశాను. మేనేజర్ నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. పాఠం చెప్పే గొంతుతోనే, మౌస్ కదుపుతూ, “నెమ్మదిగా నేర్చుకో తల్లీ. నువ్వు నేర్చేసుకుంటే నన్ను పంపించేస్తారు. నా పీఆర్ ఇంకా రాలేదు,” అన్నాను.

అమ్మాయి ముఖం పాలిపోయింది. “అయ్యో, మీరు వేరే టీమ్‌కి పోతున్నరని చెప్పిన్రక్కా నాకు!” అంది. తర్వాత మేనేజర్‌కి వినబడేలా ఇంగ్లీషులో, “సారీ, నాకు అర్థం కాలేదు, మళ్లీ మొదటినుంచి చెబుతారా?” అని అడిగింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దగ్గినట్టు చేసి సర్దుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల నటన చూడాలి! అడిగిందే అడిగేది. తెలిసినవి కూడా తప్పు చెప్పేది. నేను విసుక్కున్నట్టు నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. మధ్యలో తెలుగులో, “పీఆర్ వచ్చిందా అక్కా?” అనేది. “ఇంకా లేదమ్మా.” పొద్దున్నే మేముండే క్లైడ్ నార్త్ నుంచి బయల్దేరి రైలెక్కగానే మెయిల్ చూసుకునేదాన్ని. తిరిగొస్తూ చూసుకునేదాన్ని. పప్పు తాలింపు మాడుతున్నా ఫోనే, దేవుడి ముందు దీపం వెలిగిస్తున్నా ఫోనే. నాకు పిచ్చెక్కుతోందని నాకే తెలుస్తోంది.

ఒక సోమవారం ఉదయం మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. “ఆ అమ్మాయికి పని ఎక్కుతున్నట్టు లేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది కదా, తీసేసి మరొకరిని పెడదామంటున్నారు పైవాళ్లు. నేర్పేది నువ్వు, నీ మాటే ఫైనల్. తనకి పని వస్తుందంటావా, రాదంటావా?”

రాదంటే చాలు. కొత్త మనిషి వస్తుంది, పాఠం మళ్లీ మొదటికొస్తుంది, నాకు కావలసిన సమయం దొరుకుతుంది. మాట నోటిదాకా వచ్చింది. తలుపేసుకున్న నా కూతురు కళ్లముందు మెదిలింది. ఛీ, ఏం బతుకిది, ఎవరి కూతురి నోటికాడ కూడో లాక్కుని నా కూతురికి పెట్టాలా?

“వస్తుంది,” అన్నాను. “ఎప్పుడో వచ్చేసింది. నేనే సాగదీశాను.”

అతను నా వైపు ఒక్క క్షణం చూసి, వినిపించుకోనట్టు, “గ్రేట్! మధ్యాహ్నం పైవాళ్ల ముందు చేసి చూపించమందాం. బాగా చేస్తే శుక్రవారానికి ముగించేద్దాం,” అన్నాడు.

అమ్మాయికి ముందుగా చెప్పే వీలే దొరకలేదు. కాల్‌లోకి రాగానే పైవాళ్లలో ఒకావిడ, వడగళ్ల వానకి కప్పు పగిలిన ఇంటి క్లెయిమ్ చూపించి ఏం చేస్తావని అడిగింది. అమ్మాయి అలవాటుగా బిక్కమొహం పెట్టి, “సారీ…” అని మొదలుపెట్టింది.

“చాలమ్మా,” అని తెలుగులో అడ్డుపడ్డాను. “ఇంక నటించకు. వచ్చని చెప్పు, లేకపోతే నిన్ను తీసేస్తారు.”

“ఎట్లక్కా మరి?” అంది. అంతలోనే ముఖం వెలిగిపోయింది. “పీఆర్ వచ్చిందా ఏంది?”

“వచ్చింది,” అన్నాను.

అమ్మాయి కుర్చీలో ముందుకు జరిగి, మొదటి మెట్టు నుంచి ఆఖరిదాకా ఎక్కడా తడబడకుండా ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.