పాతర మీది బండ

మైదుకూరు దగ్గరి మా పుట్టింటి పాత మిద్దెను తమ్ముడి కొడుకు బాగుచేయించాడంటే నిన్న చూసొచ్చాను. తలుపులకు చేత్తో చెక్కిన చిలకలు, గోడలకు గానుగ సున్నం. నడవలోని పాతరకు పైన అద్దం బిగించి, లోపల దీపం పెట్టాడు. దాని మూతబండను నున్నగా చెక్కించి పక్కనే అరుగు చేశాడు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నేలలో జొన్నలు దాచుకునే ఆ గుంత, మూత తీయగానే కమ్ముకొచ్చే ముక్కిన వాసన. వానల్లేని ఓ ఏడు మా అవ్వ ఆ బండ మీద చాప పరిచి నన్ను కూర్చోబెట్టింది.

"ఎవరొచ్చినా లేయొద్దు మే."

నా జతగత్తె మాబున్ని వాళ్లమ్మ చేట పట్టుకొని వచ్చింది. "రెండు శేర్లు జొన్నలియ్యవ్వా, పిల్లోల్లు పస్తుండారు."

"యాడుండాయి తల్లీ, పాతర అడుగంటింది" అంది అవ్వ.

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా పాపా?"

నేను తలూపాను. నా కింద సగం పాతర జొన్నలున్నాయని నాకు తెలుసు. వారం తిరక్కుండానే వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారు. మాబున్నిని మళ్లీ చూడలేదు.

"ఆ బండ మీద కూచో అత్తా, ఫొటో తీస్తా" అన్నాడు మావాడు.

"మోకాళ్లు వంగవు నాయనా" అన్నాను.

ఆ బండ దగ్గర నేనాడిన రెండో అబద్ధం అది.