తలెత్తి ఏడ్చిన అమ్మాయి

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో, బొంబాయి నుంచి వచ్చిన ఒక హీరోయిన్‌కు నేను గొంతిచ్చేదాన్ని. ఆమెకు తెలుగు ముక్క రాదు. తెర మీద ముఖం ఆమెది, మాట నాది. కృష్ణానగర్‌లో మా పక్కింటావిడ సినిమా చూసొచ్చి, "ఆ పిల్ల ఎంత తీయగా మాట్లాడుతుందో!" అని నాతోనే అనేది. పైకి నవ్వేదాన్ని గానీ కడుపు రగిలిపోయేది.

ఒక సినిమాలో తండ్రి చనిపోయిన సీను వచ్చింది. తెర మీద ఆమె గడ్డం పైకెత్తి ఏడుస్తోంది. మా గోదావరి వైపు ఆడవాళ్లు ఏడిస్తే తల వాల్చేస్తారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఏడుపులో కూడా ఈమెకు పొగరే అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా కూడా ఉంది. నాకు తెలిసిన ఏడుపే ఏడ్చాను. ఎంతకీ కుదరలేదు.

"అక్కా, ఏడుపు మంచిగనే ఉంది. గానీ ఆమె మొఖం మీద కూసుంటలేదు," అన్నాడు సౌండ్ ఇంజనీరు.

"రేపు ఇంకోసారి చూద్దామండీ. కాకపోతే వేరే అమ్మాయిని పిలుద్దాం," అన్నారు డైరెక్టరు గారు.

మర్నాడు ఆమె షూటింగు పక్కనే ఉన్న స్టూడియో ఫ్లోర్‌లో ఉంది. నేను వెళ్లేసరికి మా థియేటర్ ఆఫీసు గదిలో ఒంటరిగా ఫోన్లో ఉంది. "బాగానే ఉన్నాను మమ్మీ" అని హిందీలో చెబుతోంది. గడ్డం పైకెత్తి, కళ్లు పైకప్పుకు అప్పగించి, గుటకలు మింగుతోంది. కన్నీళ్లు కణతల మీదుగా చెవుల్లోకి దిగుతున్నాయి. అక్కడ కెమెరా లేదు. నన్ను చూడగానే గడ్డం ఇంకాస్త ఎత్తింది. ముందురోజైతే నన్ను చిన్నచూపు చూసిందనుకునేదాన్ని.

మైకు ముందు నిలబడి నేనూ అలాగే తలెత్తాను. గొంతు బిగుసుకుపోయింది. మాటలు తెగి తెగి వచ్చాయి.

"గిదీ కావాల్సింది!" అన్నాడు ఇంజనీరు.

సాయంత్రం ఆమె వచ్చి ఆ రీలు చూసింది. చూస్తూ చూస్తూ తన గొంతు మీద చెయ్యి వేసుకుంది. నా వైపు తిరిగి, పెదవులతో నవ్వింది గానీ కళ్లతో నవ్వలేదు. ఆ చూపు ఏ భాషలోనైనా నేను పోల్చుకోగలను. ఈ గొంతు నాకెందుకు లేదనే చూపు అది. "థాంక్యూ" అని కారెక్కి వెళ్లిపోయింది.

నేను ఆటో ఎక్కాను. ఇల్లు చేరేదాకా సంతోషం ఆగలేదు.