జురాంగ్ వెస్ట్‌లో ఆగని హీటరు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు, జురాంగ్ వెస్ట్‌లోని ఒక ఫ్లాట్ నుంచి వచ్చిన ఫిర్యాదు నా వంతుకు పడింది. అప్పటికి నేను ఆంగ్ మో కియో పారిశ్రామిక వాడలో ఒక వాటర్ హీటర్ల సర్వీసు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. మాలో టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, సూపర్‌వైజర్ అని మూడు అంచెలు. సూపర్‌వైజర్ సాధారణంగా నిచ్చెన ఎక్కడు. ఎక్కినవాళ్లు నింపిన జాబ్ షీట్ల మీద సంతకాలు చేస్తాడు. ఆ నెలలో ఇద్దరు టెక్నీషియన్లు సెలవులో ఉండడంతో నేనే పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాను. ఫిర్యాదులో "నీళ్లు మరీ వేడి" అని మాత్రమే ఉంది. ఏడాది పొడవునా ఉక్కపోసే ఆ చిన్న ద్వీప దేశంలో అలాంటి ఫిర్యాదును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

ఆ ఇల్లు మాధవి అనే బ్యాంకు ఉద్యోగినిది. ప్రసవ సెలవులో ఉంది. పాపకు రెండో నెల. నా చొక్కా మీద పేరు చదివి, తలుపు దగ్గరే తెలుగులో మొదలుపెట్టింది.

"అంకుల్, పాపకి నీళ్లు పోద్దామని టబ్‌లో ముందు మోచెయ్యి పెట్టి చూశాను. చూడండి ఎలా కందిపోయిందో. చూడకుండా పాపని దించేసి ఉంటే?"

ఆమె వెనకే బనీను మీద తువ్వాలు వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆమె తండ్రి, సత్యనారాయణ గారు. మనవరాలిని చూడడానికి పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చారు. అక్కడ ఒక పంచదార ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు బాయిలర్ అటెండెంట్‌గా పనిచేశారనీ, ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉందనీ నేను సంచీ కింద పెట్టేలోపే తెలిసింది. మా పాతిక లీటర్ల హీటరును ఆయన "ఈ డబ్బా" అన్నారు.

ఆ డబ్బా స్నానాలగది పైకప్పు కింద గోడకు బిగించి ఉంది. అందులో ఒక విద్యుత్ కడ్డీ నీళ్లను కాస్తుంది. అరవై డిగ్రీలు రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది. థర్మోస్టాట్ నుంచి సన్నని రాగి గొట్టం బయలుదేరుతుంది. దాని కొసన వేడిని కనిపెట్టే బల్బు ఉంటుంది. ఆ బల్బు ట్యాంకులోకి దిగే ఒక గూటిలో కూర్చుంటుంది. థర్మోస్టాట్ విఫలమై వేడి ఎనభై దాటితే కటౌట్ అనే రెండో స్విచ్చు పడిపోయి కరెంటు తెంచుతుంది, మళ్లీ చేత్తో నొక్కేదాకా ఇవ్వదు. సినిమా హాలు ముందు నిలబెట్టే కటౌట్ కాదు, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఈలోగా ట్యాంకులో ఒత్తిడి పెరిగితే రిలీఫ్ వాల్వు కొన్ని వేడినీళ్లను ఒక పైపులోంచి బయటికి వదులుతుంది.

మొదటిసారి నేను వెళ్లేసరికి థర్మోస్టాట్‌లో కరెంటును కలిపి విడదీసే కొసలు అతుక్కుపోయి ఉన్నాయి. కొత్తది వేసి, పడిపోయిన కటౌట్‌ను నొక్కి, పది నిమిషాల్లో నీళ్లు వేడెక్కడం చూసి, సంతకం తీసుకుని వచ్చేశాను.

గురువారం మళ్లీ ఫోను. ముప్ఫై రోజుల్లో అదే ఫిర్యాదు తిరిగొస్తే మాలో దాన్ని రిపీట్ కాల్ అంటారు. థర్మోస్టాట్ తయారీలోనే లోపం ఉందని తేల్చి, ఉన్నదాన్ని లాగి పారేసి మరొకటి వేశాను. మంగళవారం మూడో ఫోను. ఈసారి మా మేనేజరు మిస్టర్ లిమ్ స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రావ్, థర్డ్ టైమ్ ఆల్రెడీ. సూపర్‌వైజర్ గో, స్టిల్ లైక్ దట్. హౌ కెన్?"

కస్టమరు తప్పు అయితే ఫైలు మూసేయమన్నాడు. బస్సులో కూర్చుని ఆలోచిస్తే నాకూ అదే నిజమనిపించింది. ఫ్లాట్‌కు వెళ్లగానే మాధవిని అడిగాను, హీటరు ఎంతసేపు వేసి ఉంచుతున్నారని. మామూలుగా పావుగంట, బట్టలు నానబెట్టే రోజున గంట అని చెప్పింది. దొరికింది కదా అని జాబ్ షీటులో "వాడకంలో పొరపాటు" అని రాసి సంతకానికి చాపాను.

సత్యనారాయణ గారు అది చదివి నాకే తిరిగి ఇచ్చారు.

"ఏవండీ రావు గారూ, మనిషి మర్చిపోతాడనే కదండీ థర్మోస్టాట్ పెట్టేది? స్విచ్చి మనమే ఆపుకునేటట్టయితే అదెందుకండీ, అలంకారానికా?"

ఆయన లోపలికి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చారు. ఎనిమిది రోజులుగా లాగ్ రాస్తున్నారట. హీటరు వేసిన సమయం, ఆపిన సమయం, కూతురు కేకులకు వాడే థర్మామీటరుతో చూసిన నీళ్ల వేడి, అన్నీ గీతలు కొట్టిన గడుల్లో ఉన్నాయి. చివరి గడిలో ప్రతి రోజూ ఒకే మాట: "శబ్దం రాలేదు."

ఏ శబ్దమని అడిగాను.

"థర్మోస్టాట్ ఆగేటప్పుడు టక్‌మనాలి కదండీ. ఒక్క రోజూ అనలేదు."

ఆయన స్టూలెక్కి, ఒక స్టీలు గరిటె కాడను హీటరు మూతకు ఆనించి, గుండ్రటి కొసను చెవికి పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలో బేరింగులు అలాగే వినేవారట. నేను కటౌట్ నొక్కి, మూత బిగించి, స్విచ్చు వేసి, కింద నిలబడి కొళాయి నీళ్లు కప్పులో పట్టి వేడి చదవసాగాను. మాధవి పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. యాభై. అరవై. అరవై ఆరు.

"వినపడిందా?"

"లేదండి."

డెబ్బై నాలుగు. అంతలో నేను నిలబడ్డ చోటే పైనున్న పైపులోంచి రిలీఫ్ వాల్వు చురుక్కుమనే నీళ్లు వదిలింది. బూట్లు గుమ్మం బయట విప్పాను కాబట్టి అవి సరిగ్గా నా మేజోడు మీద పడ్డాయి. నేను ఒక్క గెంతులో హాల్లో ఉన్నాను.

సత్యనారాయణ గారు గరిటె దించకుండానే అన్నారు. "వాల్వు డ్యూటీలోనే ఉందండి. మీ థర్మోస్టాటే సెలవు పెట్టింది."

స్విచ్చు ఆపాక, మూత పూర్తిగా ఊడదీయకుండా సందులోంచి టార్చి వేసి చూడమన్నారు. చూశాను. బల్బు గూటిలో లేదు. రెండు అంగుళాలు వెనక్కి జారి, ట్యాంకు చుట్టూ ఉండే దూదిలాంటి పొరలో హాయిగా పడుకుని ఉంది. లోపల నీళ్లు కాగిపోతుంటే అది ఇంకా చల్లగానే ఉందనుకుంటోంది. పావుగంటలో ఆపేసిన రోజుల్లో ఆ సంగతి బయటపడలేదు, అంతే. కొత్త థర్మోస్టాట్ గొట్టం బిరుసైనది. మూత నొక్కినప్పుడల్లా వంగి బల్బును వెనక్కి లాగుతోంది. అలా లాగకుండా ఒక చిన్న క్లిప్పు పట్టి ఉంచాలి. ఆ క్లిప్పు పాత థర్మోస్టాట్‌తో పాటు మొదటి రోజు నుంచీ నా సంచీ అడుగునే ఉంది.

సిగ్గుపడుతూనే దాన్ని తీసి పెట్టాను. వేడినీళ్లన్నీ వదిలేసి మళ్లీ మొదటి నుంచి కాచాం. అరవై ఒకటి దగ్గర ఆయన ముఖం విప్పారింది. స్టూలు దిగి, నన్నెక్కమని గరిటె నా చేతికిచ్చారు. నీళ్లు కొంచెం వదిలి మళ్లీ కాచి, ఈసారి నేను విన్నాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ టక్ శబ్దాన్ని కావాలని వినడం అదే మొదటిసారి.

జాబ్ షీటులో పాత వాక్యం కొట్టేసి, "క్లిప్పు అమర్చడంలో సర్వీసు సిబ్బంది పొరపాటు" అని రాసి నా పేరు పెట్టాను. ఆయన సంతకం చేసి, దాని కింద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో తన హోదా రాశారు: ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంట్.

మర్నాడు ఉదయం లిమ్ ఆ కాగితం పట్టుకుని కంగారుగా వచ్చాడు. "రావ్, హౌ కమ్ బాయిలర్ ఇన్‌స్పెక్టర్ సైన్ హియర్? గవర్నమెంట్ ఆ?"

ఇన్‌స్పెక్టరు కాదు, అటెండెంట్, కస్టమరు తండ్రి అని చెప్పాను. లిమ్ కుర్చీలో కూలబడ్డాడు గానీ, అప్పటికే ఆ రకం థర్మోస్టాట్ వేసిన ఇళ్లన్నీ తిరిగి చూడాలని ఆదేశం పంపేశాడు. పంపినదాన్ని వెనక్కి తీసుకోవడం అతనికి నామోషీ. అలా పదకొండు ఇళ్లు చూశాం. పక్కనే ఉన్న బూన్ లే పేటలో ఒక ఇంట్లో బల్బు దూదిలోనే ఉంది. ఆ జాబ్ షీటు మీదా నా సంతకమే.

ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి టెక్నీషియన్‌కూ ఒకటే నియమం పెట్టాను. హీటరు బాగైందని రాయాలంటే అది వేడెక్కడం చూస్తే చాలదు, వేడెక్కడం ఆపేదాకా అక్కడే ఉండాలి. దానికి అరగంట పడుతుంది. "వాడకంలో పొరపాటు" అనే మాట రాయాల్సి వస్తే ఆ అరగంట గడిచాకే రాయాలి.