సోములమ్మ నోటుబుక్కులో ఎర్రసిరా

సోములమ్మ కాఫీతోట పక్కన, రేకుల షెడ్డులో ఒక పెట్టె ఉంది. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని తాకినప్పుడు రాలే కణాలను అది లెక్కపెడుతుంది. సిగ్నల్ అందని కొండ కాబట్టి, రోజూ పొద్దున్నే ఆ అంకె చూసి నోటుబుక్కులో ఎక్కించే పని పెట్టె పెట్టినవాళ్లు ఆమెకు అప్పగించారు. చదివింది ఏడో తరగతే అయినా ముత్యాల్లాంటి అక్షరాలు. జ్వరమొచ్చినా, పళ్లు కోసే హడావుడిలోనూ ఆరేళ్లుగా ఒక్క పొద్దూ తప్పలేదు.

అలాంటి రాత మీద, విశాఖ నుంచి వచ్చిన పరిశోధకుడు దేవీప్రసాద్ ఎర్రసిరాతో నాలుగుచోట్ల ‘నమ్మదగదు’ అని గీకాడు. అంకె బాగా పడిపోయిన రోజులవి. మొదటిది శుక్రవారం, సంత రోజు.

“సంతకెళ్లొచ్చి చేతికొచ్చింది రాసేశావు,” అన్నాడు. ఆమె పెట్టిన కాఫీ తాగుతూనే డ్రైవరు వైపు తిరిగి, “వీళ్లంతా ఇంతే,” అని నవ్వాడు కూడా.

సోములమ్మకు ఒళ్లు మండింది. ఆమె రోజులు లెక్కపెట్టేది సంతలతోనే.

“నాలుగు సంతలకోసారి అంకె తగ్గుతంది సారూ, అదీ ఒకరోజు ముందుకొత్తంది. శుక్రోరం, లచ్చీవారం, బుధోరం, మొన్న మంగళారం. మా సంత శుక్రోరమే గదా, మంగళారం నానెక్కడికెల్లినాను?”

అతను వింటేగా! ఆ నాలుగు అంకెలూ కొట్టేసి, పక్కరోజుల సగటు వేసుకుని జీపెక్కాడు. సోములమ్మ ఆ కాఫీ గ్లాసు మూడుసార్లు తోమినా రోత తీరలేదు.

రెండు నెలలకు అదే జీపు వచ్చింది. ఈసారి దేవీప్రసాద్ నోట ‘గారు’ కూడా వచ్చింది.

“సూర్యుడి మీద ఒకచోటు నుంచి వేగంగా గాలి వీస్తోంది సోములమ్మగారూ. సూర్యుడు తిరిగేకొద్దీ అది ఇరవై ఏడు రోజులకోసారి మనల్ని తాకి, అంతరిక్షం నుంచి వచ్చే కణాలను వెనక్కి తోసేస్తోంది. ధనావేశం ఉన్న ప్రోటాన్లూ తగ్గాయి, రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లూ తగ్గాయి, కానీ రెండూ ఒకేలా కాదు. ఉపగ్రహం పట్టుకుంది. సరిగ్గా మీ నాలుగు రోజులే! నేలమీది సాక్ష్యం మీ నోటుబుక్కు. మా పరిశోధన పత్రంలో దాని ఫొటో వేస్తాం.”

ఆగి, గొంతు తగ్గించాడు. “ఆ ఎర్రసిరా ఉన్న పేజీలు మాత్రం శుభ్రంగా మళ్లీ రాసిపెట్టండి.”

అబద్ధమాడావని నిందవేసినవాడే అబద్ధం రాయమంటున్నాడు!

“అప్పుడూ దొంగరాత రాయలేదు సారూ, ఇప్పుడూ రాయను. ఫొటో తీత్తే ఈ పేజీలే తియ్యండి.”

నోటుబుక్కు బల్లమీద తెరిచి పెట్టింది. దేవీప్రసాద్ ఫోను ఎత్తి, రెండో చేతి బొటనవేలితో ఎర్ర అక్షరాలు కప్పబోయాడు. సోములమ్మ ఆ వేలు పట్టుకుని పక్కకు తోసింది.